సొలొమోను చదివిన చదువు



ప్రతి ఏడాదీ అక్టోబరు వచ్చేసరికి మన సహవాసాల్లో ఒక ప్రార్థన వినబడుతుంది. పన్నెండో తరగతి పరీక్షలు రాయబోయే పిల్లల్ని ముందుకు పిలిచి, పెద్దలు తలమీద చేతులుంచి, సొలొమోనుకు ఇచ్చిన జ్ఞానాన్ని ఈ బిడ్డలకు కూడా దయచేయమని దేవుణ్ణి వేడుకుంటాం. మెల్బోర్న్‌లోనైనా బ్రిస్బేన్‌లోనైనా, తెలుగు సంఘం ఉన్న ప్రతి చోటా ఇది జరిగేదే. నేనూ ఎన్నో ఏళ్లుగా ఆ ప్రార్థనకు గట్టిగా ఆమెన్ చెప్తున్నాను. ఆ జ్ఞానంతో సొలొమోను ఏం చేశాడో మాత్రం ఈ మధ్యనే సరిగ్గా చదివాను.

ఇద్దరు తల్లులు ఒకే బిడ్డ కోసం వచ్చిన తీర్పు మనందరికీ తెలుసు. సండే స్కూల్లో ఆ నాటకం వేయని సంఘం ఉండదు. అది మొదటి రాజుల గ్రంథం మూడో అధ్యాయం. నాలుగో అధ్యాయంలో అధికారుల పేర్లు, రోజుకు ఎంత పిండి, ఎన్ని ఎద్దులు అనే లెక్కలు ఉంటాయి కాబట్టి మనం తొందరగా దాటేస్తాం. ఆ అధ్యాయం 29వ వచనం నుండి చివరిదాకా ఒకసారి నెమ్మదిగా చదవండి. దేవుడిచ్చిన జ్ఞానం ఎంత విస్తారమో చెప్పి, సామెతలనూ కీర్తనలనూ లెక్కగట్టి, ఆ తర్వాత గ్రంథకర్త ఇంకో సంగతి చెప్తాడు. సొలొమోను చెట్లను గురించి బోధించాడట. లెబానోను దేవదారు దగ్గర మొదలుపెట్టి, గోడ సందులో మొలిచే హిస్సోపు దాకా. ఆ పైన మృగాలు, పక్షులు, పాకే పురుగులు, చేపలు. అది వినడానికి దేశదేశాల రాజులు మనుషుల్ని పంపారని తర్వాతి వచనం.

గోడ సందులో మొక్క! దేవదారును ఎవరైనా చూస్తారు, మందిరానికి కలప కావాలి కదా. గోడ సందులో మొలిచిన దాన్ని మనం చేత్తో పీకి పారేస్తాం. రాజు దాని దగ్గర ఆగాడు.

నేటి మాటల్లో ఆ చదువు పేరు చెప్పాలంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, కీటకశాస్త్రం, మత్స్యశాస్త్రం. వీటన్నిటికీ ఒకదానితో ఒకటికి ఉన్న చుట్టరికాన్ని చెప్పేది ఎకాలజీ. ఆ చుట్టరికం చెడిపోకుండా భూమినీ నీళ్లనూ ఎలా వాడుకోవాలో చెప్పేది ఎన్విరాన్‌మెంటల్ మేనేజ్‌మెంట్. సొలొమోను జ్ఞానం కోసం మనం ప్రార్థించిన బిడ్డ వచ్చి సొలొమోను చదివిన చదువే చదువుతానంటే మనం ఏమంటున్నాం? ఇది మీకు వేసే ప్రశ్న కాదు, ముందు నాకు వేసుకున్నది. నేనేమన్నానో చెప్తాను.

మా సహవాసంలో ఒక కుటుంబం ఉంది. పేర్లు అక్కర్లేదు. తండ్రిని నేను అన్నా అని పిలుస్తాను. పదిహేనేళ్ల క్రితం వచ్చి, గోదాములో రాత్రి షిఫ్టులు చేసి, తర్వాత నెట్‌వర్క్ ఉద్యోగంలో కుదురుకున్న మనిషి. వాళ్ల పెద్దమ్మాయి ఈ సంవత్సరం పన్నెండో తరగతి. చదువులో చురుకైన పిల్ల. యూనివర్సిటీ దరఖాస్తులో మొదటి స్థానంలో పర్యావరణ శాస్త్రం పెట్టింది. ఇంట్లో తుఫాను రేగింది. అన్న నాకు ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, నువ్వు కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చేసినవాడివి. నీ మాటైతే వింటుంది. మనం ఇంత దూరం వచ్చింది పిల్లలు గడ్డి లెక్కపెట్టుకోవడానికా?"

నేను వెళ్లాను. టీ తాగుతూ ఆ బిడ్డకు గంటసేపు చెప్పాను. డేటా సైన్స్ గురించి, జీతాల గురించి, ఇష్టమైనది శనివారాల్లో చేసుకోవచ్చని కూడా. మధ్యలో ఒక వాక్యం కూడా వాడాను, తల్లిదండ్రులకు విధేయత గురించి. పిల్ల తల ఊపింది. వదిన నాకు ఇంకో కప్పు టీ పోసింది. ఒక ఆత్మకు మేలు చేశాననుకుంటూ ఇంటికి వచ్చాను.

తర్వాతి ఆదివారం కూడిక అయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "అంకుల్, మీ ఇంటి ప్రతిష్ఠ రోజు మీరొక సాక్ష్యం చెప్పారు, గుర్తుందా? ఏమీ లేని చోట దేవుడు మాకు ఇల్లు కట్టించాడని. ఏమీ లేదని మీకెవరు చెప్పారు?"

నా దగ్గర జవాబు లేదు. ఎవరూ చెప్పలేదు మరి. మా ఇల్లు టార్నీట్‌లో ఉంది. మనవాళ్లలో చాలామంది టార్నీట్, ట్రుగనీనా, విండమ్ వేల్, మెల్టన్ వైపే కొన్నాం. ప్లాటు చూడడానికి వెళ్లినప్పుడు కనిపించింది ఎండిన గడ్డి, రాళ్లు, గాలి. ఆ రాళ్ల సంగతి ఇల్లు కట్టించినవాళ్లకు బాగా తెలుసు, బిల్డరు సైటు ఖర్చుల్లో వేరుగా వడ్డిస్తాడు. అవి అగ్నిపర్వతాల రాళ్లు. మెల్బోర్న్ పడమటి అంచు నుండి పోర్ట్‌లాండ్ దిక్కుగా పరుచుకున్న లావా మైదానం అది. మన నల్లరేగడి లాగే వేసవిలో నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బే నేల. చెట్లు తక్కువ. దాని సొత్తంతా గడ్డిలోనే ఉంది. కంగారూ గడ్డి, వాలబీ గడ్డి, వాటి సందుల్లో పూల మొక్కలు, లిల్లీలు, కాళ్లు లేని బల్లులు, గొంతు బొంగురుగా అరిచే ఆకుపచ్చ కప్పలు.

1835లో మెల్బోర్న్ పుట్టక ముందు అక్కడ మర్నాంగ్ అనే పసుపు పూల దుంప విరివిగా పెరిగేది. వాడవుర్రుంగ్, బునురాంగ్, వురుంజెరి జనుల స్త్రీలు కర్రలతో తవ్వి తెచ్చి కాల్చి పిల్లలకు పెట్టిన ఆహారం అది. గొర్రెల మందలు వచ్చిన కొద్ది ఏళ్లలోనే ఆ దుంప కరువైపోయింది. తర్వాత నాగలి వచ్చింది. ఇప్పుడు మనం వచ్చాం. ఆ సహజమైన గడ్డి మైదానంలో ఈరోజు మిగిలింది నూటికి అయిదు పాళ్ల లోపే. 2008లో ఆస్ట్రేలియా ప్రభుత్వం దాన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న వాటి పట్టికలో చేర్చింది. నగరం ఇటు పెరగాలి కాబట్టి, పోయే గడ్డికి బదులుగా పడమట 15,000 హెక్టార్ల భూమిని 2020లోగా కొని కాపాడతామని విక్టోరియా ప్రభుత్వం మాట ఇచ్చింది. 2020లో ఆడిటర్ జనరల్ లెక్క చూసేసరికి కొన్నది సుమారు పదో వంతు. ఇళ్లు మాత్రం అనుకున్న వేగంతోనే లేచాయి. మా ఇల్లు కూడా.

ఇల్లు కట్టుకోవడం పాపమని చెప్పడానికి నేను రాయడం లేదు. తల దాచుకునే చోటు కోసం మనలో ఒక్కొక్కరం ఎంత కష్టపడ్డామో నాకు తెలుసు. అయితే యెషయా 5:8లో ప్రవక్త ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుంటూ పోయి, చివరికి దేశంలో తాము తప్ప ఇంకెవరికీ చోటు మిగల్చని వాళ్లను చూసి శ్రమ అని కేక వేశాడు. ఆ వచనం ఇన్నాళ్లూ భూస్వాములకే అనుకున్నాను.

మాది కడప జిల్లా. అక్కడ ఒక పక్షి ఉంది, కలివి కోడి. 1848 ప్రాంతంలో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడి వల్ల శాస్త్రలోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. చచ్చిపోయిన జాతి అని పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో, లంకమల కొండల దగ్గర పొదల్లో, ఐతన్న అనే స్థానిక వేటగాడి సాయంతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్‌కు అది మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే బిడియపు పక్షి. మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూసి, కెమెరాలు పెట్టి దాని జాడ వెదికారు. తర్వాత 2005 ప్రాంతంలో తెలుగు గంగ కాలువ తవ్వకం ఆ పొదల మీదికి వస్తే, చివరికి కాలువ దారే మార్చారు. నేను అదే జిల్లాలో పుట్టి, ఆ పొదల పక్క నుండి బస్సులో ఎన్నిసార్లు వెళ్లానో. మా ఇంట్లో వాటిని బంజరు అనేవాళ్లం.

పుస్తకాలు చచ్చిపోయిందన్న పక్షికి చదువు రానివాళ్ల దగ్గర పేరు ఉంది. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివి కోడి. ఆదికాండము రెండో అధ్యాయం గుర్తు చేసుకోండి. దేవుడు జంతువులనూ పక్షులనూ ఆదాము దగ్గరికి తీసుకొచ్చి, ఏ పేరు పెడతాడో చూశాడు. పాపం లోకంలోకి రాకముందు, మందిరం లేకముందు, చెమటోడ్చే శాపం రాకముందు మనిషికి దొరికిన పని అది. అంతకు ముందే 15వ వచనంలో తోటను సాగు చేయమని, కాయమని పెట్టాడు. కాయడం అనే ఆ మాట హెబ్రీలో షామర్. ప్రతి ఆదివారం ఆశీర్వాదంలో, యెహోవా మనల్ని కాపాడాలి అని సంఖ్యాకాండము ఆరో అధ్యాయం నుండి వింటామే, అక్కడా అదే మాట. కయీను తన తమ్ముడి గురించి అడిగినప్పుడు, నేనేమైనా వాడికి కావలివాణ్ణా అని ఎదురు తిరిగాడే, అక్కడా అదే మాట. దేవుడు మనల్ని ఎలా కాస్తాడో అలా భూమిని కాయమన్నాడు. పేరు తెలియనిదాన్ని ఎవరు కాస్తారు చెప్పండి? పేరు తెలియకపోతే దానికి మనం పెట్టే పేరు బంజరు. ఖాళీ స్థలం. ఏమీ లేని చోటు.

డిసెంబరు మొదటి శనివారం ఆ అమ్మాయి వాళ్ల నాన్ననూ నన్నూ ట్రుగనీనా పాత శ్మశానానికి తీసుకెళ్లింది. అన్న దారి పొడవునా మాట్లాడలేదు. "చదువు చూపిస్తానని సమాధుల దగ్గరికి తెచ్చావేంటమ్మా" అని మాత్రం కారు దిగుతూ అన్నాడు. కారణం ఆ పిల్ల చెప్పింది. ఈ చుట్టుపక్కల నాగలి పడని చోట్లు రెండే రకాలు. రైలు పట్టాల పక్క స్థలం, శ్మశానం. చనిపోయినవాళ్ల మీద గౌరవంతో ఎవరూ దున్నలేదు, కాబట్టి పాత గడ్డి అక్కడ బతికింది. బటన్ రింకిల్‌వార్ట్ అనే పసుపు బొత్తాం లాంటి పూల మొక్క, దేశం మొత్తం మీద కొద్ది చోట్లే మిగిలింది, అక్కడ సమాధుల మధ్య ఉంది.

నేను కాసేపు నిలబడిపోయాను. యోహాను సువార్త 20వ అధ్యాయంలో మగ్దలేనే మరియ ఒక సమాధి దగ్గర, తోటలో, లేచిన ప్రభువును చూసి తోటమాలి అనుకుంది. పొరబడింది అని మనం చెప్తుంటాం. అంత పొరబాటు కాదేమో.

ఆ అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. ఈ గడ్డిలో గోల్డెన్ సన్ మాత్ అనే రెక్కల పురుగు ఉంటుంది. నేల కింద గడ్డి వేళ్లు తింటూ చాలా కాలం గడిపి, రెక్కలొచ్చి పైకి వచ్చాక కొద్ది రోజులే బతుకుతుంది. పైకి వచ్చాక దానికి తినే నోరే ఉండదు. అక్టోబరు చివర నుండి జనవరి మొదటి రోజుల దాకా, ఎండ బాగా కాసి గాలి తక్కువున్న పూట, పది గంటలకూ రెండు గంటలకూ మధ్య మాత్రమే ఎగురుతుంది. ఆడది నేల మీద కూర్చుని బంగారు రంగు వెనక రెక్కలు విప్పి చూపిస్తుంది. ఒకప్పుడు ఇది ఇక అంతరిస్తుందనుకున్నారు. కొత్త కాలనీలు, రోడ్లు వేసే ముందు చట్టం ప్రకారం వెదకాలి కాబట్టి, యూనివర్సిటీల్లో ఈ చదువు చదివినవాళ్లు ఎండలో నడిచి వెదికారు. అనుకున్నదానికంటే ఎక్కువ చోట్ల దొరికింది. 2021లో దాని ప్రమాద స్థాయిని రెండు మెట్లు తగ్గించారు. వెదికినవాళ్లు లేకపోతే ఆ సంగతే తెలిసేది కాదు.

మాకు ఆ రోజు ఒక్కటీ కనబడలేదు. గాలి ఎక్కువగా ఉంది. అన్న అటూ ఇటూ చూసి, "దీనికి జీతం ఇస్తారా?" అన్నాడు. నవ్వకండి. రాత్రి షిఫ్టులు చేసిన తండ్రి అడగవలసిన ప్రశ్నే అది. నాకు తెలిసినంత వరకు నిజం చెప్తాను.

ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీ 1975లో బ్రిస్బేన్‌లో తలుపులు తెరిచినప్పుడు, మొదటి నాలుగు విభాగాల్లో ఒకటి పర్యావరణ అధ్యయనం. దేశంలో ఈ డిగ్రీ మొదలైంది అక్కడే. ఇప్పుడు దాదాపు ప్రతి యూనివర్సిటీలో ఉంది. మొక్కలను గుర్తుపట్టడం, నేల, నీరు, గణాంకాలు, మ్యాపులు, పర్యావరణ చట్టం, మంటల శాస్త్రం చదువుతారు. గడ్డి మైదానం కొన్నేళ్లకోసారి కాలకపోతే ముదిరిన గడ్డి కింద పూల మొక్కలు ఊపిరాడక చస్తాయని నాకు ఆ రోజే తెలిసింది. ఎప్పుడు, ఎంత కాల్చాలో ఇక్కడి మూలవాసులకు తెలుసు, ఇప్పుడు శాస్త్రజ్ఞులు వాళ్ల దగ్గర నేర్చుకుంటున్నారు. 1999 నాటి కేంద్ర పర్యావరణ చట్టం వల్ల పెద్ద రోడ్డు, గని, కొత్త కాలనీ ఏదైనా, ప్రమాదంలో ఉన్న జీవులకు పెద్ద దెబ్బ తగిలేలా ఉంటే ముందు అనుమతి తీసుకోవాలి. అందుకోసం కన్సల్టెన్సీలు, కౌన్సిళ్లు, నీటి సంస్థలు, పార్కుల శాఖలు ఈ చదువున్నవాళ్లను తీసుకుంటాయి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండదు. సీజన్ కాంట్రాక్టులు ఉంటాయి, ఎండలో బూట్లు అరుగుతాయి. ఇండియా నుండి స్టూడెంట్ వీసా మీద వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చదవాలనుకుంటే, మన ఐటీ వాళ్లు వెళ్లే ఏసీఎస్ దగ్గరికి కాక వెటాసెస్ దగ్గరికి వెళ్లాలి. ఆ వృత్తుల జాబితాలు తరచుగా మారుతుంటాయి కాబట్టి అప్పు చేసే ముందే చూసుకోండి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకైతే ఆ చింత లేదు. మనం దాటిన నది వాళ్లు మళ్లీ దాటనక్కర్లేదు. మన భయాన్ని మాత్రం వాళ్లకు వారసత్వంగా ఇవ్వాలని చూస్తున్నాం.

కంప్యూటర్ మనిషిని కాబట్టి ఒక చిన్న పక్క మాట. గ్రేట్ బారియర్ రీఫ్‌లో చేపలు పట్టకూడని భాగం ఒకప్పుడు నూటికి అయిదు కంటే తక్కువ. 2004లో దాన్ని 33 శాతానికి పెంచారు. ఏ భాగం కాపాడితే జాలరులకు తక్కువ నష్టంతో ఎక్కువ జీవులు బతుకుతాయో తేల్చడానికి మార్క్సాన్ అనే సాఫ్ట్‌వేర్ సాయపడింది. ఇయాన్ బాల్, హ్యూ పొసింగ్‌హామ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల పని అది. నేను మాస్టర్స్‌లో పరీక్ష కోసం బట్టీపట్టి మర్చిపోయిన అల్గారిథమ్ ఒకటి దాని గుండెలో ఉంది. నేను ఆ బిడ్డను దీన్ని వదిలి దాన్ని పట్టుకోమన్నాను కదా, రెండూ ఒకే బల్ల మీద కూర్చున్నాయి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పల్లె నుండి వచ్చినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. 1788లో ఓడల మీద ఆవులు ఈ దేశానికి వచ్చాయి. పేడను మట్టిలో కలిపే పురుగులు రాలేదు. ఇక్కడి పేడ పురుగులకు కంగారూ పెంటికలు అలవాటు, ఆవు పేడ చేతకాలేదు. పేడ నెలల తరబడి ఎండిపోయి పడి ఉండేది, గడ్డి చచ్చేది, అందులో ఈగలు పుట్టేవి. ముఖం మీద ఈగల్ని తోలుకోవడాన్ని ఇక్కడివాళ్లు ఆస్ట్రేలియా సెల్యూట్ అని ఎగతాళి చేసుకుంటారు, అంత ఎక్కువ. జార్జ్ బోర్నెమిస్సా అనే వలస వచ్చిన హంగేరీ శాస్త్రజ్ఞుడు, మనలాంటి వలసవాడే, అది చూసి ఆశ్చర్యపోయాడు. సీఎస్ఐఆర్ఓ సంస్థ 1965 నుండి 1985 దాకా ఆఫ్రికా, ఐరోపాల నుండి పేడ పురుగులను జాగ్రత్తగా పరీక్షించి తెచ్చి వదిలింది. పని జరిగింది. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1935లో, చెరకు పురుగులను తింటాయని క్వీన్స్‌ల్యాండ్‌కు కేన్ టోడ్ కప్పలను తెచ్చారు. అవి చెరకును కాపాడలేదు, తమ విషంతో ఈ దేశపు జంతువులను చంపుతూ ఇప్పటికీ పాకుతున్నాయి. దేశం ఒకటే. ఒకసారి చదివి చేశారు, ఒకసారి చదవకుండా చేశారు.

మన సంఘాల్లో వినబడే రెండు అభ్యంతరాలు చెప్పి తీరాలి. ఒకటి, ఈ లోకం ఎలాగూ కాలిపోయేదే, దీని కోసం ఎందుకు శ్రమ అని. పేతురు రెండో పత్రిక చూపిస్తారు. యిర్మీయా 32వ అధ్యాయం కూడా చూపించండి. బబులోను సైన్యం యెరూషలేము చుట్టూ ఉంది, పట్టణం కాలిపోతుందని దేవుడే చెప్పాడు, చెప్పిన ప్రవక్త చెరసాలలో ఉన్నాడు. అప్పుడు దేవుడు అతనితో ఏం చేయించాడు? అనాతోతులో పొలం కొనిపించాడు. పదిహేడు తులాల వెండి తూచి, సాక్షులను పెట్టి, పత్రాలు కుండలో భద్రం చేయించాడు. కాలిపోయేచోట పొలం కొనే దేవుడు మన దేవుడు. రెండోది, ఇది ప్రకృతి ఆరాధన వైపు లాగుతుందేమో అని. సొలొమోను విగ్రహాల వైపు తిరిగాడు, నిజమే. పదకొండో అధ్యాయంలో కారణం రాసి ఉంది. చెట్లను చదివినందుకు కాదు.

2019–20 వేసవి మంటలు మీకు గుర్తుండే ఉంటాయి. 2 కోట్ల 40 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. మంటల్లోనే 33 మంది చనిపోయారు. జంతువులు, పక్షులు, పాములు కలిపి సుమారు 300 కోట్ల ప్రాణులు చచ్చాయనో చెదిరిపోయాయనో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. మనం ఇళ్లలో కూడి వాన కోసం కన్నీటితో ప్రార్థించాం. వాన వచ్చింది, సాక్ష్యాలు చెప్పుకున్నాం, తర్వాతి పనుల్లో పడ్డాం. బూడిదలో మోకరించి ఏది బతికిందో, ఏ అడవి తిరిగి మొలవగలదో చూసిన యువతీయువకులు ఉన్నారు. మన ప్రార్థనకు వచ్చిన జవాబులో వాళ్లు కూడా ఒక భాగమని నాకు అప్పుడు తోచలేదు. వాళ్లలో మన బిడ్డ ఒకరు ఉండాలని అయితే అసలే తోచలేదు.

తిరిగి ఆ శనివారానికి వస్తాను. గడ్డి లెక్కపెట్టుకోవడానికా అని అన్న అన్న మాట నా చెవిలో ఉంది. మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు అడవి పువ్వులను చూడమని చెప్పాడు. చూడడం అని మనం తేలిగ్గా అంటాం కాని, గ్రీకులో ఆ మాటకు బాగా నేర్చుకోవడం, శ్రద్ధగా చదివి తెలుసుకోవడం అని అర్థం. శిష్యుడు అనే మాట పుట్టిన వేరు నుండే అదీ పుట్టింది. ఆ వెంటనే ప్రభువు, సొలొమోను తన వైభవమంతటిలోనూ ఈ పువ్వులంత చక్కగా అలంకరించుకోలేదని చెప్పి, దేవుడు వస్త్రం కట్టేది గడ్డికే అని గుర్తు చేశాడు. చింతపడే తండ్రులకు, ఏం తింటామో ఏం కట్టుకుంటామో అని నిద్రపోని తండ్రులకు ఆయన ఇచ్చిన ఇంటిపని గడ్డిని చదవడం. ఇన్నిసార్లు ఆ భాగం మీద వాక్యం చెప్పి, నేను ఒక్కసారి కూడా గడ్డిని చూడలేదు.

కారు ఎక్కే ముందు నేను ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. ఆ రోజు మీ ఇంట్లో విధేయత వచనాన్ని నా అభిప్రాయానికి బలంగా వాడుకున్నానమ్మా, అది తప్పు అన్నాను. వాళ్ల నాన్న ముందే చెప్పాను, ఎందుకంటే తప్పు అతని ముందే చేశాను. అన్న ఏమీ అనలేదు. సీటు బెల్టు పెట్టుకుంటూ కిటికీలోంచి ఆ కంచె అవతల కట్టే కొత్త ఇళ్ల వైపు చాలాసేపు చూశాడు.

ప్రియులారా, ఈ వారంలో ఫలితాలు వస్తాయి. ఆ తర్వాత కోర్సుల వరుస మార్చుకోవడానికి కొద్ది రోజులే గడువు. మొదటి స్థానంలో ఏం ఉంచాలో ఆ ఇంట్లో ఇంకా తేలలేదు. నిన్న రాత్రి అన్న ఫోన్ చేసి, ఆ వెటాసెస్ అన్నావే, అది మనవాళ్లకు అక్కర్లేదు కదా అని రెండోసారి అడిగాడు. అక్కర్లేదన్నాను. సరే అని పెట్టేశాడు. ఆ తండ్రి కోసం, ఆ బిడ్డ కోసం ప్రార్థించండి. మీ సంఘంలోనూ ఇలాంటి బిడ్డ ఉంటే ఈ ఆదివారం టీ దగ్గర పక్కకు పిలిచి, ఏం చదవాలనుకుంటున్నావని అడిగి, జవాబు చివరిదాకా వినండి.

నా కోసం కూడా ప్రార్థించండి. జనవరి మొదటి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి, మా ఇంటి గురించి నాలుగేళ్ల క్రితం చెప్పిన మాటను సరిచేసుకోవాలి.

ప్రభువునందు మీ సహోదరుడు.